జీవో నుంచి బోల్టు దాకా: తీరంలో ఒక స్కూలు రేకుల హాలుకు గాలి లెక్క

భీమిలి వైపు, సముద్రానికి కిలోమీటరు దూరంలో ఒక ప్రైవేటు స్కూలు. పిల్లలు కూర్చుని భోంచేయడానికి 12 మీటర్ల వెడల్పు, 24 మీటర్ల పొడవున రేకుల హాలు కావాలన్నారు. చూరు దగ్గర ఎత్తు 4.5 మీటర్లు. ప్లాన్ అప్రూవల్ దగ్గర మొదలై చివరి స్క్రూ బిగించే దాకా ఇందులో గాలి లెక్క ఎక్కడెక్కడ నిలబడింది, ఎక్కడ జారిపోబోయింది అన్నదే ఈ రాత. తీర ప్రాంతంలో షెడ్డు, గోడౌను, ఫంక్షన్ హాలు కట్టించుకునేవాళ్లకు, వాటిని డిజైన్ చేసే కొత్త ఇంజినీర్లకు పనికొస్తుంది.

మొదట చట్టం సంగతి. ఐఎస్ 875 మూడో భాగం గాలి భారాల కోడ్. 1987 నాటి దాన్ని సవరించి 2015లో కొత్తది తెచ్చారు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) కోడ్ తనంతట తాను చట్టం కాదు. ఏదో ఒక ప్రభుత్వ నిబంధన దాన్ని పాటించాలని చెబితేనే కట్టుబడాలి. మన దగ్గర ఆ గొలుసు ఇలా ఉంటుంది: 2017 మార్చి 28న జీవో ఎంఎస్ నంబరు 119తో వచ్చిన ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్, స్ట్రక్చర్ విషయంలో ఆ రూల్స్ చూపించే నేషనల్ బిల్డింగ్ కోడ్, ఆ కోడ్ ఆరో భాగంలో భారాల సెక్షను, అక్కడి నుంచి ఐఎస్ 875. కార్పొరేషనో మున్సిపాలిటీయో గాలి కోడ్ మీద విడిగా తీర్మానం చేయదు. కోడ్ మారితే మార్పు ఈ గొలుసు వెంట దానంతటదే ఫైలు మీదకు వచ్చి వాలాలి. కాగితం మీద వాలుతుంది కూడా. చిక్కల్లా దాన్ని టేబుల్ దగ్గర ఎవరూ వెతకకపోవడమే.

ప్లాన్ అనుమతులిచ్చే ఆన్‌లైన్ వ్యవస్థ డీపీఎంఎస్‌లో డ్రాయింగ్ ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ సెట్‌బ్యాకులు, ఎత్తు, ప్లింత్ ఏరియా, పార్కింగ్ లెక్క చూస్తుంది. లేయర్ పేరు ఒక్కటి తప్పినా తిప్పి కొడుతుంది. గాలి గురించి దానికి తెలియదు. స్ట్రక్చర్ వైపు నుంచి వెళ్లేవి సాయిల్ రిపోర్టు, స్ట్రక్చరల్ డ్రాయింగులు, లైసెన్సున్న ఇంజినీరు సంతకం చేసిన సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్లో మామూలుగా ఉండే వాక్యం ఒక్కటే, "సంబంధిత ఐఎస్ కోడ్‌ల ప్రకారం డిజైన్ చేయబడినది." ఏ సంవత్సరం కోడ్, గాలి వేగం ఎంత తీసుకున్నారు, ఏ గుణకాలు పెట్టారు? ఏదీ ఉండదు. అదే సర్టిఫికెట్‌తో 1987 లెక్కా పాసవుతుంది, 2015 లెక్కా పాసవుతుంది, అసలు లెక్కే లేని షెడ్డూ పాసవుతుంది.

అందుకే సర్టిఫికెట్‌కు ఒక పేజీ డిజైన్ బేసిస్ జతచేశాం. అడగలేదు, అయినా పెట్టాం. అందులో ఉన్నవి: కోడ్ పేరు, సంవత్సరం, మూల గాలి వేగం, దాన్ని సవరించే నాలుగు గుణకాలు కె1 (కట్టడం ఆయుష్షు, ప్రాధాన్యం), కె2 (చుట్టూ నేల తీరు, ఎత్తు), కె3 (కొండవాలు), కె4 (తుపాను తీరం), దిశ గుణకం, లోపలి పీడన గుణకం, చివరికి వచ్చిన డిజైన్ పీడనం. ఈ ఎనిమిది అంకెలు కాగితం మీద ఉంటే రేపు రేకులు లేచిపోయినప్పుడు తప్పు ఎక్కడుందో చెప్పొచ్చు. లేకపోతే తప్పంతా తుపానుదే.

ఆ అంకెల్లోకి వద్దాం, అసలు కథ అక్కడే ఉంది.

విశాఖపట్నానికి కోడ్ ఇచ్చే మూల వేగం సెకనుకు 50 మీటర్లు. విజయవాడ, నెల్లూరుకూ అంతే. హైదరాబాదుకు 44, కర్నూలుకు 39. ఇది 10 మీటర్ల ఎత్తులో మూడు సెకన్ల పాటు కొట్టే ఈదురు వేగం. 50 అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు గాలి గంటకు 170–180 అన్నారు కదా, కోడ్‌కు సరిపోయిందిలే అనుకునేవాళ్లు చాలామంది. రెండూ ఒకటి కావు. వాతావరణ శాఖ చెప్పేది మూడు నిమిషాల సగటు, కోడ్‌ది మూడు సెకన్ల ఈదురు. సగటే అంతున్నప్పుడు ఈదురు దానికన్నా పైన ఉంటుంది. ఆ రోజు విశాఖ విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు ఎలా దెబ్బతిందో ఊరంతా చూసింది.

2015 కోడ్‌లో విశాఖ మూల వేగం మారలేదు. కొత్తగా చేరింది కె4, తుపాను తీరంలో కట్టడం ప్రాధాన్యాన్ని బట్టి వేసే గుణకం. తూర్పు తీరం వెంబడి, గుజరాత్ తీరంలోనూ 60 కిలోమీటర్ల వెడల్పు పట్టీలో కట్టేవాటికి దీన్ని వేయాలి. మామూలు ఇళ్లకు 1.00, పరిశ్రమల షెడ్లకు 1.15, తుపాను తర్వాత జనం తలదాచుకునే లేదా అత్యవసర సేవలందించే కట్టడాలకు 1.30. చివరి కోవలో ఆసుపత్రులు, తుపాను షెల్టర్లతో పాటు స్కూళ్లు కూడా ఉన్నాయి. నిజానికి ఈ గుణకం 2004 నాటి ఐఎస్ 15498లోనే ఉంది, కానీ అది మార్గదర్శకం కావడంతో తెరిచినవాళ్లు తక్కువ. 2015లో అసలు కోడ్‌లోకి ఎక్కింది.

వేగం మీద 1.30 చిన్నదిలా కనిపిస్తుంది. పీడనం పెరిగేది వేగపు వర్గాన్ని బట్టి, అంటే వేగాన్ని దాంతోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి. 1.30 వర్గం 1.69. అంటే భారం ఒక్కసారిగా 69 శాతం పెరుగుతుంది. మా హాలుకు లెక్క ఇదీ: 50 × 1.0 × 1.0 × 1.0 × 1.30 = సెకనుకు 65 మీటర్లు. పీడనం 0.6 × 65 × 65 = చదరపు మీటరుకు 2535 న్యూటన్లు. కె4 మరిచిపోతే 1500. ఆసుపత్రి అయితే కె1 కూడా 1.08 అవుతుంది, రెండూ కలిస్తే పీడనం మామూలు ఇంటితో పోల్చితే దాదాపు రెట్టింపు.

ఇక ఈ అంకెల్ని తగ్గించే దారులు. ఇవి మోసంతో జరగాలనేం లేదు, చాలాసార్లు అలవాటుగానే జరిగిపోతాయి.

మొదటిది కె1. "షెడ్డే కదా, టెంపరరీ" అని పట్టికలో తాత్కాలిక షెడ్ల వరుస తీసుకుంటారు. 50 మీటర్ల ప్రాంతంలో ఆ అంకె 0.70. వర్గం చేస్తే 0.49, సగం భారం మాయం. ఆ వరుస నిర్మాణ సమయంలో వేసే ఫారంవర్క్ లాంటివాటికి, ఐదేళ్ల ఆయుష్షు లెక్కతో పెట్టింది. రేకు వేసినంత మాత్రాన హాలు తాత్కాలికం కాదు.

రెండోది కె2, చుట్టూ ఉన్న నేల తీరు. మా స్థలం చుట్టూ సరుగుడు తోటలు. దట్టంగా చెట్లున్నాయి కాబట్టి మూడో కేటగిరీ వేయవచ్చని ఒక మాట వచ్చింది. వేస్తే 10 మీటర్ల ఎత్తు లోపు 1.00 బదులు 0.91. సరుగుడు పంట, ఏదో ఒక ఏడు నరికేస్తారు. నరక్కపోయినా తుపాను మొదటి గంటల్లో పడేవి అవే. రెండో కేటగిరీయే ఉంచాం. సముద్రానికి ఎదురుగా బీచ్ రోడ్డు మీద అయితే మొదటి కేటగిరీ, 1.05. కొండవాలు మీద కట్టేవాళ్లు కె3ని 1.0గా వదిలేయకూడదు. గాలి ఎక్కే వైపు వాలు మూడు డిగ్రీలు దాటితే అది 1.36 దాకా పోవచ్చు. విశాఖలో కొండలకు కొదవ లేదు కాబట్టి ఈ మాట చెబుతున్నా.

మూడోది అన్నిటికన్నా ఎక్కువగా కనబడే తప్పు. 2015 కోడ్ భవనాలకు దిశ గుణకం 0.9 ఇచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో, ఎక్సెల్ షీట్లలో 0.9 డిఫాల్ట్‌గా కూర్చుంటుంది. అదే క్లాజు చివర్లో ఒక చిన్న వాక్యం ఉంది, తుపాను ప్రాంతాల్లో ఈ గుణకం 1.0గానే తీసుకోవాలని. తుపానులో గాలి దిశ గంటల్లోనే తిరిగిపోతుంది. కన్ను దాటాక వెనక వైపు నుంచి కొడుతుంది. హైదరాబాదు ఆఫీసులో తయారైన షీటును విశాఖకు అలాగే వాడితే పది శాతం అక్కడే పోతుంది.

కె1 0.70, కె2 0.91, దిశ 0.9, కె4 లేదు — నాలుగూ ఒకే షీటులో పడితే 2535 రావాల్సిన చోట 550 దగ్గర తేలుతుంది. సర్టిఫికెట్ వాక్యం మాత్రం అక్షరం మారదు.

ఇప్పుడు పైకప్పు వాలు. యాజమాన్యం 10 డిగ్రీలు కోరింది, రేకు తక్కువ పడుతుందని. ఇలాంటి తక్కువ ఎత్తు హాళ్లకు కోడ్ పట్టికలో 10 డిగ్రీల దగ్గర గాలి కొట్టే వైపు వాలు మీద లాగుడు గుణకం మైనస్ 1.2 (మైనస్ అంటే కప్పును పైకి లాగడం). ఇరవై డిగ్రీలకు వెళితే అదే వాలు మీద మైనస్ 0.4కు పడిపోతుంది. అప్పుడు గాలి హాలు పొడవు వెంబడి వీచినప్పటి మైనస్ 0.7 నిర్ణయిస్తుంది. దీనికి లోపలి పీడనం, అంటే హాల్లోకి దూరిన గాలి కప్పును కింద నుంచి తోసేది, కలపాలి. తలుపులు, కిటికీలు గోడ వైశాల్యంలో 5 నుంచి 20 శాతం ఉంటే 0.5, 20 దాటితే 0.7. మాది 0.5.

కూడితే 10 డిగ్రీల దగ్గర 1.7, 20 దగ్గర 1.2. చదరపు మీటరుకు పైకి లాగే బలం 439 కిలోల నుంచి 310 కిలోలకు దిగింది. రేకు బరువు ఆ చదరపు మీటరుకు ఐదు కిలోలు కూడా ఉండదు. వాలు పెంచితే రేకు ఎంత పెరుగుతుంది? ఐదు శాతం. ఐదు శాతం రేకుతో దాదాపు 30 శాతం లాగుడు తగ్గుతుందంటే బేరమాడటానికేమీ లేదు. శిఖరం ఎత్తు మాత్రం మీటరుకు పైగా పెరుగుతుంది. త్రికోణపు గోడల మీద, ఫ్రేముల మీద అడ్డంగా తోసే గాలి ఎక్కువవుతుంది, దానికి బ్రేసింగు వేసుకోవాలి.

ఇదే తేడా పునాదిలో ఎలా తేలుతుందో చూడండి. ఫ్రేములు ఆరు మీటర్లకొకటి. ఒక్కో మధ్య కాలమ్ కింద 36 చదరపు మీటర్ల కప్పు. విస్తీర్ణ గుణకం 0.885 (అంత కప్పు మీదా ఒకేసారి పూర్తి బలం పడదు కాబట్టి), కలయిక గుణకం 0.9 (లోపలి, బయటి పీడనాలు ఒకేసారి గరిష్ఠం కావు కాబట్టి) వేశాక, కప్పు సొంత బరువు తీసేస్తే కాలమ్‌ను పైకి పీకే బలం 10 డిగ్రీలకు సుమారు 98 కిలోన్యూటన్లు, 20 డిగ్రీలకు 76. అంటే పది టన్నులు, ఏడున్నర టన్నులకు కాస్త పైన. షెడ్డు పునాది అంటే మోయడానికని అనుకుంటాం. తీరంలో రేకుల షెడ్డు పునాది చేసే అసలు పని పట్టుకోవడం.

2 మీటర్ల చదరపు ఫుటింగు, 400 మి.మీ. మందం, 1.5 మీటర్ల లోతు. కాంక్రీటు 40, పైన మట్టి 79, మొత్తం 119 కిలోన్యూటన్లు. అందులో పది శాతం తగ్గించి చూస్తే 107. 76కు 1.4 మార్జిన్ వచ్చింది, 98కి చాలదు. సరే, 20 డిగ్రీలతో 2 మీటర్లు చాలుతుందనుకునేలోపు సాయిల్ రిపోర్టులో నీటిమట్టం చూశాం. తీరపు ఇసుక నేల. తుపాను ఒక్క గాలితో రాదు, వానతో వస్తుంది. నీళ్లు నేల మట్టానికి చేరితే మట్టీ కాంక్రీటూ తేలికవుతాయి. ఆ 119 కాస్తా 64 అవుతుంది. గాలి పీకేది 76. ఫుటింగు 2.4 మీటర్లకు పెంచి, కాలమ్‌లన్నిటినీ ప్లింత్ బీముతో కట్టి, దాని మీద మీటరు ఎత్తు తొమ్మిదంగుళాల ఇటుక గోడ లేపాం. ఆ బీము, గోడ కలిసి ఒక్కో కాలమ్‌కు మరో 43 కిలోన్యూటన్లు ఇచ్చాయి. నీళ్లు నిలిచినా మార్జిన్ ఒకటిన్నర దాటింది. పిల్లలకు గాలి వెలుతురు కావాలంటే ఆ గోడ మీద గ్రిల్లు పెట్టుకోవచ్చు. కానీ గ్రిల్లు అంటే తెరిచి ఉన్న భాగమే. 20 శాతం దాటితే లోపలి పీడనం 0.7 అయి మళ్లీ మొదటికి వస్తుంది. కిటికీల కొలతలు డ్రాయింగులో ఖాయం చేసి, సైటులో పెంచొద్దని నోట్ రాశాం.

పర్లిన్ల (రేకును మోసే అడ్డ కమ్మీలు) దగ్గర కొత్త ఇంజినీర్లు జారే చోటు ఒకటుంది. బరువుకు డిజైన్ చేసిన పర్లిన్ పై అంచు రేకుకు బిగించి ఉంటుంది, పక్కకు వంగదు. గాలి పైకి లాగినప్పుడు నొక్కుడు కింది అంచుకు మారుతుంది. దాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు, మెలి తిరిగి పోతుంది. పర్లిన్లను ఒకదానికొకటి కట్టే కడ్డీలు, శాగ్ రాడ్లు, పై అంచు దగ్గర ఒక వరుస వేసి వదిలేయకుండా కింది అంచు దగ్గరా వేయించాం.

స్క్రూల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పైకప్పు లేవడం దాదాపు ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. కప్పు అంచుల వెంట, మూలల్లో లాగుడు మిగతా చోట్లకన్నా ఎక్కువ. అంచు పట్టీ వెడల్పు హాలు వెడల్పులో 0.15 వంతు, మాకు 1.8 మీటర్లు. అక్కడ అంచులకు కోడ్ ఇచ్చే 10 డిగ్రీల గుణకం మైనస్ 1.4నే ఉంచి లెక్కేశాం, భద్రంగా ఉంటుందని. లోపలి పీడనంతో 1.9, చదరపు మీటరుకు 491 కిలోలు. పర్లిన్లు 1.2 మీటర్లకొకటి, రేకులో 200 మి.మీ.కొకటిగా పైకి లేచి ఉండే ప్రతి గట్టు మీదా ఒక స్క్రూ అయితే ఒక్కో స్క్రూ మీద 118 కిలోలు. సైటులో వాడుక గట్టు విడిచి గట్టు, అప్పుడు 236. స్క్రూ తెగదు. అర మిల్లీమీటరు రేకు వాషరు చుట్టూ చిరిగి, తల మీదుగా ఊడి వచ్చేస్తుంది. మొదట మూల లేస్తుంది, గాలి దూరుతుంది, పక్క స్క్రూల మీద భారం పడుతుంది, ఆ తర్వాత జిప్పు తీసినట్టే. అంచు పట్టీలో పర్లిన్లను 600 మి.మీ.కు దగ్గర చేసి, కప్పంతా ప్రతి గట్టు మీదా స్క్రూ వేయించాం. ఒక్కో దాని మీద 59 కిలోలకు దిగింది. మొత్తం స్క్రూలు 2400 దాకా పట్టాయి. వాడుక పద్ధతిలో అయితే 700 చిల్లరతో అయిపోయేది. రేకు వేసే కాంట్రాక్టరు కొటేషన్ ఆ 700కే ఉంటుంది. కొటేషన్ అడిగే ముందే స్క్రూల సంఖ్య డ్రాయింగు మీద రాయకపోతే తర్వాత రోజూ పంచాయితీయే.

ఇంకో రెండు చూడాలి. పర్లిన్ బదులు వెల్డరు 1.6 మి.మీ. చదరపు పైపు పెడతానంటాడు. పలచటి గోడలో స్క్రూ మరకు పట్టు దొరకదు. మేం 2 మి.మీ. జెడ్ పర్లిన్ తప్ప ఒప్పుకోలేదు. రెండోది డ్రిల్లు వేగం. ఇంపాక్ట్ డ్రైవర్‌తో చివరిదాకా బాదితే మర తినేసి స్క్రూ వట్టిగా తిరుగుతుంది. పైనుంచి చూస్తే మామూలుగానే ఉంటుంది. చేత్తో వాషరు తిప్పి చూడాలి, తిరిగితే పక్కన లావు స్క్రూ వేయించాలి. చూరు బయటికి 450 మి.మీ. దాటనివ్వలేదు. చూరుకు కింద నుంచి తోపు, పై నుంచి లాగుడు రెండూ ఒకేసారి పడతాయి.

బేస్‌ప్లేట్ల దగ్గర మా సైటులోనూ తప్పు దొర్లింది. కాంక్రీటు పోసేటప్పుడు టెంప్లేటు కదిలి రెండు కాలమ్‌ల బోల్టులు 25 మి.మీ. పక్కకు పోయాయి. సైటులో చేసే సులువు పని గ్యాస్ కట్టర్‌తో బోల్టు ఎర్రగా కాల్చి వంచడం, లేదా ప్లేటు రంధ్రం కోసి పెద్దది చేసి మామూలు వాషరు వేయడం. మొదటిది బోల్టును బలహీనం చేస్తుంది, రెండోది నట్టును రంధ్రంలోంచి లాగేసే దారి. ఆ రెండు చోట్లా కొత్త ప్లేట్లు రంధ్రాలు సరిచేసి చేయించాం, ఒక వారం పోయింది. స్టీలు టెంప్లేటును పైనా కిందా రెండు చోట్ల వెల్డ్ చేసి ఉంటే ఆ వారం మిగిలేది.

మున్సిపాలిటీ తనిఖీలో టేపు పెట్టి కొలిచింది సెట్‌బ్యాకులు, ఎత్తు. స్క్రూ, నట్టు, శాగ్ రాడ్డు ఆ జాబితాలో లేవు. అమెరికాలో ఫ్లోరిడాలో ఇంటి కప్పు మార్చేటప్పుడు చెక్క డెక్కు మీద మేకులు ఆరంగుళాల లోపు దూరంలో ఉన్నాయని స్థానిక బిల్డింగ్ విభాగానికి తేల్చి చూపించాలి. అక్కడ స్థిరపడిన మనవాళ్లకు ఇది తెలిసిన తలనొప్పే. ఇక్కడ ఆ తలనొప్పి ఇంజినీరే తెచ్చిపెట్టుకోవాలి. కాంక్రీటు పోయకముందు బోల్టుల ఫోటోలు, రేకు వేయకముందు శాగ్ రాడ్ల ఫోటోలు, అంచు పట్టీలో టేపు పెట్టి స్క్రూల ఫోటోలు, తేదీతో సహా ఆక్యుపెన్సీ ఫైలుకు జతచేశాం.

హాలు అప్పగించేటప్పుడు స్కూలుకు ఒక కాగితం ఇచ్చాం. ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరు చివర ఒకసారి నాలుగు మూలలూ ఎక్కి చూడాలి. ప్రతి బేస్‌ప్లేటు నట్టు మీద, దాని పక్క ప్లేటు మీద కలిపి ఒక తెల్ల పెయింటు గీత గీశాం. గీత విరిగి కనిపిస్తే నట్టు వదులైనట్టు. స్క్రూ వాషర్ల రబ్బరు ఎండకు పగిలి, ఉప్పు గాలికి తల తుప్పు పడితే ఆ వరుస మొత్తం మార్చాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు తలుపులు, కిటికీలు అన్నీ మూసి గడియలు వేయాలి. "ఒక వైపు తెరిచి ఉంచితే గాలి పోతుంది" అనే మాట వాచ్‌మన్ దగ్గర తప్పకుండా వినిపిస్తుంది. తెరిచిన వైపే గాలి కొడితే లోపలి పీడనం 0.7కు పోతుంది, మన లెక్క 0.5కు.